లేత రంగు బీరు కావాలంటే ఏది మేలు: డబ్బా పాకమా, పొడా, గింజలా?

అమెరికాలో ఇంట్లో బీరు కాచే మనవాళ్లలో చాలామంది కిట్‌తోనే మొదలుపెడతారు. పెట్టె మీద లేత బంగారు రంగు బొమ్మ ఉంటుంది. మన గ్లాసులోకి వచ్చేసరికి అది రాగి రంగుకు తిరుగుతుంది. రుచికి వంక ఉండకపోవచ్చు గానీ, లేత రంగు బ్లాండ్ ఏల్ అని పిలిచి రాగి రంగు ఆంబర్ పోస్తే వచ్చినవాళ్లు అడక్క మానరు.

బీరు పులియబెట్టే పెద్ద సీసా, అంటే కార్‌బాయ్‌లో చూసి మాత్రం టెన్షన్ పడొద్దు. అంత మందం బీరు గుండా చూస్తే ఏదైనా ముదురుగానే కనిపిస్తుంది. రంగు కొలిచే ఎస్‌ఆర్‌ఎమ్ పద్ధతిలో కాంతిని పంపేది ఒక్క సెంటీమీటరు మందం గుండానే. అంకె పెరిగేకొద్దీ రంగు ముదురు. ఆ లెక్కన జర్మన్ పిల్స్‌నర్ 2 నుంచి 4, అమెరికన్ పేల్ ఏల్ 5 నుంచి 10. గ్లాసులో పోశాక కూడా ముదురుగా ఉంటే అప్పుడు కారణం వెతకాలి.

నా అనుమానం ముందు డబ్బాలో వచ్చే ద్రవ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ గింజల నుంచి తీసిన తియ్యటి పాకం) మీదికే పోతుంది. అందులో సుమారు 20 శాతం నీరు. ఆ తడిలో చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి మెయిలార్డ్ చర్య మెల్లగా నడుస్తూనే ఉంటుంది. పాలు మరిగి కోవా అయ్యేటప్పుడు రంగు తిరిగేదీ దీనివల్లే. డబ్బా వెచ్చని గదిలో నెలలు గడిపితే, మీరు మూత తీయకముందే సగం రంగు ఎక్కేసినట్టే. పైగా అది గిన్నెలో వేయగానే నేరుగా అడుక్కి దిగి అంటుకుంటుంది. మంట ఆపి, గరిటెతో అడుగు గీకుతూ కలపకపోతే మాడు రంగూ, మాడు వాసనా రెండూ వస్తాయి.

పొడి ఎక్స్‌ట్రాక్ట్‌లో తడి చాలా తక్కువ కాబట్టి అరలో ఉన్నా రంగు పెద్దగా మారదు. 6 పౌండ్ల పాకం చేసే పని సుమారు 5 పౌండ్ల పొడి చేస్తుంది. చికాకు ఒక్కటే: ఆవిరి తగలగానే సంచి మూతి దగ్గరే ముద్దకట్టి, గరిటెకీ చేతికీ అంటుకుపోతుంది. ధర కూడా సాధారణంగా కాస్త ఎక్కువే.

అయితే పొడి కొన్నంత మాత్రాన సరిపోదు, మరిగించే తీరు కూడా మారాలి. 5 గ్యాలన్ల బీరుకు 5 పౌండ్ల పొడి వేస్తే గ్రావిటీ (నీటితో పోలిస్తే సాంద్రత) 1.044 దగ్గర ఉంటుంది. గిన్నె చిన్నదని అదంతా రెండున్నర గ్యాలన్లలో మరిగించి తర్వాత నీళ్లు కలిపితే, మరిగేటప్పుడు గ్రావిటీ 1.088. అంత చిక్కటి వోర్ట్ (ఇంకా పులియని తియ్యటి ద్రవం) గంటసేపు మరిగితే రంగు ముదరక తప్పదు. మామూలు రంగు లెక్క మాల్టూ నీళ్ల కొలతా చూస్తుంది తప్ప మరిగేటప్పటి చిక్కదనం చూడదు, కాబట్టి ఈ ముదురు అందులో కనిపించదు. అందుకే మూడో వంతు పొడి మొదట్లో, మిగతాది ఆఖరి పదిహేను నిమిషాల్లో వేయండి. పల్చటి వోర్ట్‌లోకి హాప్స్ పూల చేదు ఎక్కువ దిగుతుంది కనుక, మొదట వేసే హాప్స్ కాస్త తగ్గించుకోవచ్చు.

ఎక్స్‌ట్రాక్ట్ లేకుండా మాల్ట్ గింజలతోనే కాస్తే రంగు మీద పట్టు అన్నిటికంటే ఎక్కువ, నిజమే. కానీ సెలవు రోజు సగం పోతుంది, మొత్తం పట్టే పెద్ద గిన్నె కావాలి, ఆపైన నీళ్ల గొడవ. క్షారం ఎక్కువున్న కుళాయి నీళ్లతో మాష్ (వేడినీళ్లలో నానే గింజల ముద్ద) పీహెచ్ 5.6 దాటితే రంగు ముదురుతుంది, పొట్టులోని వగరు కూడా దిగుతుంది. ఆర్‌ఓ నీళ్లు కలిపితే చాలావరకు సర్దుకుంటుంది. కేవలం రంగు కోసం ఇంత దూరం వెళ్లనక్కర్లేదని నా అభిప్రాయం.

కాబట్టి లేత బీరుకు పొడి, అదీ ఆలస్యంగా వేసి. నల్లటి స్టౌట్‌కూ ఆంబర్‌కూ తాజా డబ్బా ఉంటే హాయిగా వాడుకోండి, రంగు తేడా ఎవరూ పట్టుకోలేరు.

సీసాల్లో నింపేటప్పుడు లేతగానే ఉండి, కొన్ని వారాలకు గోధుమ రంగుకు తిరిగితే మాత్రం తప్పు వీటిలో దేనిదీ కాదు. పులిసిన తర్వాత గాలి తగిలిందన్నమాట. హాప్స్ దండిగా వేసే, మసకగా ఉండే హేజీ ఐపీఏ బీర్లలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అప్పుడు ఎక్స్‌ట్రాక్ట్ మార్చి లాభం లేదు, నింపేటప్పుడు గొట్టం చివర సీసా అడుగుకు ఆనుతోందో, పైనుంచి చిమ్ముతోందో చూసుకోవాలి.