గప్పీ కాన్పుకు ఏది మేలు: పెట్టె, వేరే తొట్టి, నాచు పొద?

గప్పీ, మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్ చేపలు గుడ్లు పెట్టవు, నేరుగా ఈదే పిల్లల్నే పెడతాయి. విశాఖలో కొత్తగా అక్వేరియం పెట్టుకునేవారు చాలామంది వీటితోనే మొదలుపెడతారు. కొన్నాళ్లకే ఒక ఆడచేప పొట్ట ఉబ్బుతుంది. దుకాణంలో అడిగితే చిన్న ప్లాస్టిక్ పెట్టె చేతిలో పెట్టి, ఇందులో వేస్తే పిల్లల్ని తినకుండా ఉంటుందని చెబుతారు. ఆ సలహాతో నాకు పేచీ ఉంది. పిల్లల్ని కాపాడాలనే ఆత్రంలో తల్లి ఏమవుతోందో ఎవరూ చూడటం లేదు.

రోజులు నిండాయో లేదో తెలియకపోతే ఏ ఏర్పాటూ అక్కరకు రాదు. ఆడ గప్పీ పొట్ట చివర, కింది రెక్కకు కాస్త ముందు ఒక నల్లటి మచ్చ ఉంటుంది. రోజులు నిండేకొద్దీ అది ముదురుతుంది, పెద్దదవుతుంది. లేత రంగు చేపను వెలుతురులో దగ్గరగా చూస్తే ఆ మచ్చలో ఇసుక రేణువుల్లాంటి నల్ల చుక్కలు కనిపిస్తాయి. అవి లోపలి పిల్లల కళ్లు. గుండ్రటి పొట్ట ఛాతీ దగ్గర నిటారుగా దిగి, పక్కనుంచి నలుచదరంగా కనిపిస్తే కాన్పు దగ్గరపడినట్లే. అప్పుడు చేప మేత తగ్గించి ఒక మూలకు చేరుతుంది. గప్పీకి సుమారు 4 వారాలు పడుతుంది, నీరు వెచ్చగా ఉంటే ఇంకా ముందే. మోలీకి ఇంకాస్త ఎక్కువ. ఒక్కసారి మగచేపతో కలిస్తే చాలు, ఆ బీజాన్ని ఒంట్లో దాచుకుని కొన్ని నెలలపాటు వరుసగా పిల్లల్ని పెట్టగలదు. ఆడచేపల్ని మాత్రమే తెచ్చుకున్న ఇంట్లోనూ పిల్లలు కనిపించడం అందుకే.

ఇక పెట్టె సంగతి. తొట్టి అంచుకు తగిలించే అరచేయంత డబ్బా అది. అడుగున సన్నని చీలిక ఉంటుంది. పుట్టిన పిల్ల అందులోంచి కింది అరలోకి జారుతుంది, తల్లి నోరు అక్కడికి చేరదు. ఆలోచన మంచిదే. కానీ లోపలున్న చేపను కాసేపు గమనించండి. గోడ వెంట పైకీ కిందికీ ఆగకుండా ఈదుతుంది, మూతిని ప్లాస్టిక్‌కు కొట్టుకుంటుంది, మొప్పలు గబగబా ఆడుతుంటాయి. అలా బెదిరిన తల్లి రోజులు నిండకుండానే పిల్లల్ని వదిలేయవచ్చు. పొట్టకు పచ్చసొన సంచి అంటుకునే ఉన్న ఆ పిల్లలు సరిగా ఈదలేక అడుగున పడిపోతాయి, చాలావరకు బతకవు. పైగా పెట్టెలో నీరు ఆడదు. మే నెల ఉక్కలో వెచ్చబడిన నీటిలో ప్రాణవాయువు అసలే తక్కువ. వలగుడ్డతో చేసిన పెట్టె ఈ విషయంలో కొంత నయం. ఏ పెట్టె అయినా తల్లిని రోజుల తరబడి అందులో ఉంచడం తగదు.

వేరే తొట్టి దీనికంటే మేలైన పద్ధతి, చేయగలిగితే. 20 లీటర్ల తొట్టి, స్పాంజి ఫిల్టర్, కొంచెం నాచు ఉంటే చాలు. ఏ తల్లికి ఏ పిల్లలు పుట్టాయో తెలుస్తుంది కాబట్టి రంగు చూసి జాతిని నిలుపుకోవాలనుకునేవారికి వేరే దారి లేదు. అయితే తల్లిని ఆఖరి రోజున మార్చకూడదు, వారం పది రోజుల ముందే మార్చాలి. వలతో పట్టకుండా, మగ్గుతో నీటితో సహా తీసి, పాత తొట్టి నీరే సగానికి పైగా ఉన్న చోటుకు చేర్చాలి. స్పాంజిని కూడా కొన్ని వారాలు పెద్ద తొట్టిలో నడిపి ఉంచాలి. కొత్త స్పాంజిలో మలినాలను విరిచే సూక్ష్మజీవులు ఉండవు, చిన్న తొట్టిలో అమ్మోనియా త్వరగా పేరుకుంటుంది.

మన ఊరివాళ్లకు కరెంటు మాట కూడా చెప్పాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక నగరంలో చాలా ప్రాంతాలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటప్పుడు గాలి పంపు ఆగిన చిన్న తొట్టే ముందు దెబ్బతింటుంది. తుపాను కాలంలో బ్యాటరీతో నడిచే పంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

నా ఓటు మూడోదానికి: తల్లిని ఉన్నచోటే ఉంచి, తొట్టిలో ఒక పక్క మొక్కల్ని దట్టంగా పెంచడం. జావా మాస్ అనే నాచు, హైడ్రిల్లా, పైన తేలే అంతరతామర. పుట్టిన పిల్ల తలదాచుకోవడానికి ఎక్కువగా పైభాగానికే చేరుతుంది కాబట్టి తేలే మొక్కల వేళ్లు దానికి మంచి ఆసరా. తల్లికి బెదురు ఉండదు, కాన్పు అయ్యాక వెంటబడే మగచేపల నుంచి కూడా చాటు దొరుకుతుంది. కొన్ని పిల్లలు పెద్ద చేపల నోట పడతాయి, అది నిజమే. కానీ ఒక్కో కాన్పులో 20 నుంచి 50 వరకూ పుట్టే చేపకు ఆ పిల్లలన్నిటికీ చోటు ఏ ఇంటి తొట్టిలో ఉంటుంది? కనిపించిన పిల్లల్ని మగ్గుతో తీసి వలపెట్టెలో వేయండి. దుకాణం పెట్టె తల్లికి పనికిరాదు గానీ పిల్లలకు చక్కగా సరిపోతుంది. గెడ్డలోంచో చెరువులోంచో మొక్కలు తెస్తే బాగా కడిగి, కొన్నాళ్లు వేరే బకెట్లో ఉంచి చూడాలి. తూనీగ లార్వా ఒక్కటి వచ్చినా పిల్లల్ని ఒక్కొక్కటిగా తినేస్తుంది. ఫిల్టర్ నోటికి స్పాంజి తొడగడం మరవద్దు.

నీటి విషయంలో పెద్ద చిక్కు లేదు. సున్నం ఎక్కువున్న బోరు నీరు ఈ జాతులకు బాగానే పడుతుంది. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి దాన్ని విరిచే మందు వేసి వాడాలి.

పిల్లల మేతలో ఉడికించిన గుడ్డు సొన చవక, కానీ నీటిని పాడుచేస్తుంది. వేళ్ల మధ్య పిండిగా నలిపిన మామూలు మేత దానికంటే మేలు. అన్నిటికంటే మేలైనది అప్పుడే పొదిగిన ఆర్టీమియా, అంటే ఉప్పునీటిలో పెరిగే అతిచిన్న రొయ్యలాంటి జీవి. భీమిలి తీరంలోని రొయ్యల హేచరీల వల్ల ఆ పేరు ఇక్కడ చాలామందికి తెలుసు. లీటరు నీటిలో 25 గ్రాముల ఉప్పు, అడుగునుంచి గాలి ఉంటే, మన ఎండలకు హీటరు లేకుండానే సుమారు ఒక రోజులో దాని గుడ్డు పొదుగుతుంది. పెంకులు రాకుండా వడకట్టి, రోజుకు 3, 4 సార్లు కొద్దికొద్దిగా వేయాలి.

నెల దాటేసరికి మగపిల్లల కింది రెక్క పుల్లలా సన్నబడుతుంది. అప్పుడే వాటిని విడదీయకపోతే అక్కాచెల్లెళ్లే మళ్లీ కడుపుతో ఉంటాయి. మిగిలినవాటిని గెడ్డల్లో, చెరువుల్లో వదలవద్దు, స్థానిక చేపల మేతకు, చోటుకు పోటీ వస్తాయి. డాబా మీద తామర తొట్టి ఉన్న ఇరుగుపొరుగుకు నాలుగైదు ఇవ్వండి. ఆ తొట్టిలో దోమ పిల్లలు మిగలవు.