మా జంపఖానాల సైటు గూగుల్‌లో ఎన్నో నంబర్? ఆరేళ్లకు పైగా సెర్చ్ కన్సోల్, అనలిటిక్స్ వాడాక

మాది వరంగల్ కొత్తవాడ. బాపు జంపఖానాలు నేస్తాడు, నేను వాటిని సైట్‌లో పెట్టి అమ్ముతాను. జంపఖానాలనే దర్రీలని కూడా అంటారు. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకు అని చెప్పే గుర్తింపు, వచ్చింది. ఆ మరుసటి ఏడాదే సైటు మొదలుపెట్టాం. అప్పటినుంచి సెర్చ్‌లో మేం ఎక్కడున్నామో చూసుకోవడానికి గూగుల్ సెర్చ్ కన్సోల్, గూగుల్ అనలిటిక్స్ వాడుతున్నాను. మొదటిది గూగుల్ ఫలితాల్లో సైటు ఎలా కనిపిస్తోందో చెబుతుంది, రెండోది సైటుకు వచ్చినవాళ్లు ఏం చేశారో చెబుతుంది. రెండూ ఉచితమే. చిన్న దుకాణానికి ఇవి చాలా, లేక ర్యాంకులు చూపించే టూల్ ఏదైనా డబ్బులు పెట్టి కొనాలా అని చాలామంది అడుగుతారు. నా మట్టుకు ఇవే చాలు. కానీ సెర్చ్ కన్సోల్‌లో పైన పెద్దగా కనిపించే "యావరేజ్ పొజిషన్" అంకె ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. రెండేళ్లు నేను చేసింది అదే.

మొదట్లో బాపు రోజూ పొద్దున చాయ్ తాగుతూ "బిడ్డా, ఇయాల మనది ఎన్నో నంబర్ల ఉన్నది?" అని అడిగేవాడు. తనే ఫోన్‌లో వెతికి మొదటి స్థానంలో మా పేరు చూసి సంబరపడేవాడు. కరీంనగర్‌లో ఉండే మా కాక అవే మాటలు వెతికి "ఏంది అన్నా, ఈడ ఆరోది వస్తున్నది" అని ఫోన్ చేసేవాడు. ఇద్దరూ చూసింది నిజమే. వెతికే మనిషి ఎక్కడున్నాడు, ఏ ఫోన్, ఇంతకుముందు ఏం వెతికాడు అన్నదాన్ని బట్టి ఫలితాలు మారతాయి. బాపు ఫోన్ రోజంతా మా ఇంట్లోనే, మా సైటు మీదే ఉంటుంది. అందుకే సొంత ఫోన్‌లో వెతికి ర్యాంకు చూసుకోవడం అప్పుడే మానేశాం.

సెర్చ్ కన్సోల్ చూపించేది అసలైన మనుషులకు కనిపించిన స్థానాల సగటు. మన లింకు ఉన్న ఫలితాల పేజీ ఒకరికి తెరుచుకుంటే ఒక ఇంప్రెషన్. వాళ్లు కిందిదాకా చూడకపోయినా లెక్కలోకి వస్తుంది. ఒకే వెతుకులాటలో మన పేజీలు రెండు కనిపిస్తే, సైటు మొత్తం లెక్కలో పైనున్నదాని స్థానమే తీసుకుంటారు. ఇలా ప్రతి ఇంప్రెషన్‌కూ వచ్చిన స్థానాలన్నీ కలిపి తీసిన సగటే ఆ పెద్ద అంకె. అంటే అది ర్యాంకు కాదు. ఎన్నో మాటలకు, ఎన్నో ఊళ్లలో, ఎన్నో ఫోన్లలో వచ్చిన ర్యాంకులను ఒకే గిన్నెలో పోసి కలిపితే వచ్చింది.

ఇది నాకు అనుభవంతోనే తెలిసొచ్చింది. 2021లో ఒకరోజు వెతికిన మాటల జాబితా చూస్తుంటే కిందెక్కడో తెలుగు అక్షరాల్లో "జంపఖానా" కనిపించింది. కొన్ని ఇంప్రెషన్లు ఉన్నాయి, క్లిక్ ఒక్కటీ లేదు. సైటంతా దర్రీ, దర్రీ అని రాసుకున్నాం. ఇంట్లో మేం రోజూ అనే మాట మాత్రం ఒక్క పేజీలోనూ లేదు! దాని కిందే ఇంకొకటి: జంపఖానా ఎలా ఉతకాలి.

ఆ సాయంత్రం బాపును అడిగాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే చెప్పాడు. "ముందు ఓ మూలకు తడిబట్టతోని రుద్ది సూడాలె, రంగు దిగుతదా లేదా అని. సల్లటి నీళ్లల్ల ఉప్పేసి నానబెట్టాలె. బండకేసి కొట్టొద్దు, పిండొద్దు. నీడకు దండెం మీద ఎయ్యాలె, నీళ్లు దానంతటదే కారిపోవాలె." చెప్పింది చెప్పినట్టు రాసి, మా వాకిట్లో దండెం మీద ఆరేసిన జంపఖానా ఫొటో ఒకటి పెట్టాను.

నెల తిరిగేసరికి యావరేజ్ పొజిషన్ 6 నుంచి 23కు పడిపోయింది. గ్రాఫ్ చూస్తే గుండె ఆగినంత పనైంది. ఆ పేజీ వల్లే సైటు దెబ్బతిన్నదనుకుని తీసేయబోయాను. తీసేసే ముందు మాటల వారీగా ఒకసారి చూద్దామనిపించింది. పాత దర్రీ మాటలకు దాదాపు 300 ఇంప్రెషన్లు, స్థానం అదే 6. కదలనే లేదు. కొత్త పేజీ కూడా ఇంచుమించు 300 సార్లు కనిపించింది, నలభయ్యో స్థానంలో. రెండూ కలిస్తే సగటు 23. అంటే ఇంతకుముందు మేం అసలే లేని చోట ఇప్పుడు అడుగున నిలబడ్డాం. నష్టమేమీ జరగలేదు, కనిపించే చోట్లు పెరిగాయి. పేజీ అలాగే ఉంచాను. ఏడెనిమిది నెలలకు అది నాలుగో స్థానానికి వచ్చింది. ఇప్పటికీ సైట్లో ఎక్కువమంది చదివేది అదే.

అప్పటినుంచి సగటు అంకెను ఒంటరిగా చూడను. దేశం ఇండియా, పరికరం మొబైల్ అని ఫిల్టర్ పెట్టి, మాకు ముఖ్యమైన పదిహేను మాటలను విడివిడిగా చూస్తాను. దర్రీని ఇంగ్లిష్‌లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. కొందరు డీ తర్వాత హెచ్ పెడతారు, కొందరు పెట్టరు, చివర వై కొందరిది, ఐఈ కొందరిది. 2021లో వచ్చిన రెజెక్స్ ఫిల్టర్‌తో, అంటే ఒకే నమూనా రాసి దానికి సరిపోయే మాటలన్నిటినీ పట్టుకునే ఫిల్టర్‌తో, ఈ స్పెల్లింగులన్నీ ఒకే వరుసలో చూసుకోవచ్చు. నాకు చాలా పనికొచ్చింది అదే. పోల్చేటప్పుడు 28 రోజులను అంతకుముందు 28 రోజులతో చూస్తాను. పెళ్లిళ్ల సీజన్ అయితే కిందటేడు అదే నెలతో చూస్తాను. ఏ రోజుకు ఆ రోజు చూడటం దండగ.

2022లో ఒక ఏజెన్సీవాళ్లు మూడు నెలల్లో మొదటి స్థానం గ్యారంటీ అని డబ్బులు తీసుకున్నారు. ఎవరన్నది చెప్పను. మూడో నెల రిపోర్టులో సగటు స్థానం 3 అని రాసిచ్చారు. సెర్చ్ కన్సోల్ తెరిచి, మా దుకాణం పేరు ఉన్న మాటలన్నీ ఫిల్టర్‌తో పక్కన పెట్టి చూస్తే మిగిలినవాటి సగటు స్థానం 27. మన పేరు టైప్ చేసినవాళ్లకు మనం మొదట కనిపించడం సహజమే, వాళ్లకు మనం ముందే తెలుసు. పేరు తెలియనివాళ్లకు ఎక్కడ కనిపిస్తున్నామన్నదే లెక్క. ఎవరికైనా ఈ పని అప్పగిస్తే, దయచేసి మీ పేరు తీసేసి మిగిలిన మాటల రిపోర్టు అడగండి. ఆ మూడు నెలల డబ్బులతో బాపుకు నూలు వచ్చేది. ఆ బాధ నాకింకా పోలేదు.

ఇక అనలిటిక్స్. ర్యాంకు కోసం ఇది తెరిస్తే నిరాశే. మనిషి ఏ మాట వెతికి వచ్చాడో గూగుల్ 2011 నుంచి దాచడం మొదలుపెట్టి, 2013 కల్లా దాదాపు పూర్తిగా ఆపేసింది. దాని బదులు "నాట్ ప్రొవైడెడ్" (ఇవ్వలేదు) అని చూపించేది. 2023 జులై 1 నుంచి పాత యూనివర్సల్ అనలిటిక్స్ కొత్త లెక్కలు తీసుకోవడం మానేసింది, అందరం దాని కొత్త రూపమైన గూగుల్ అనలిటిక్స్ 4 (జీఏ4)కు మారాం. దీనికి సెర్చ్ కన్సోల్‌ను కలిపినా రిపోర్టులు వెంటనే కనిపించవు. జీఏ4లోని లైబ్రరీలోకి వెళ్లి సెర్చ్ కన్సోల్ కలెక్షన్‌ను, అంటే ఆ రిపోర్టుల కట్టను, పబ్లిష్ చేయాలి. ఇంకో మాట. వివరమైన డేటా రెండు నెలలే ఉంచుకునేలా మొదట సెట్ అయి ఉంటుంది. పెట్టిన రోజే దాన్ని 14 నెలలకు మార్చుకోండి. నేను ఆలస్యంగా మార్చుకున్నాను, ఆ ఏడు దసరా లెక్క పోయింది.

అయినా అనలిటిక్స్ లేకుండా నాకు గడవదు. స్థానం పైకి వెళ్తే కొనేవాళ్ల ఫోన్లు పెరుగుతున్నాయా లేదా అన్నది అక్కడే తేలుతుంది. వాట్సాప్ లింకు మీద నొక్కితే బయటి సైటుకు వెళ్లిన క్లిక్ కింద లెక్కపెడుతుంది. ఫోన్ నంబర్ మీద నొక్కితే మాత్రం దానంతటది పట్టుకోదు, ట్యాగ్ మేనేజర్ అనే ఇంకో గూగుల్ టూల్‌లో పెట్టుకోవాలి. ఉతికే పేజీకి జనం ఎక్కువ, ఆ పేజీ నుంచి ఫోన్లు తక్కువ. పెళ్లికి పెద్ద సైజులు అన్న పేజీ తొమ్మిదో స్థానంలో ఉంటుంది, ఫోన్లు ఎక్కువ దాన్నుంచే. ఇది తెలిశాకే నా సమయమంతా రెండోదాని మీద పెట్టాను. సెర్చ్ కన్సోల్ క్లిక్కులూ అనలిటిక్స్ సెషన్లూ (సైటుకు ఎన్నిసార్లు వచ్చారన్న లెక్క) ఎప్పుడూ సరిగ్గా కలవవు. లెక్కపెట్టే తీరు వేరు, రోజు మొదలయ్యే టైమ్ కూడా వేరు. కలవడం లేదని కంగారు పడకండి.

చిన్న సైట్లకు ఒక కష్టం ఉంది. చాలా తక్కువమంది వెతికిన మాటలను గోప్యత కోసం చూపించరు. మా క్లిక్కుల్లో మంచి భాగం ఏ మాటకు వచ్చిందో తెలియకుండానే ఉంటుంది. జాబితా కూడికకూ పైనున్న మొత్తానికీ తేడా అందుకే. దీనికి మందు లేదు.

2025 సెప్టెంబరులో మళ్లీ ఒక వింత. డెస్క్‌టాప్ ఇంప్రెషన్లు ఒక్కసారిగా తగ్గాయి, సగటు స్థానం మెరుగైంది, క్లిక్కులు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. ఒకే పేజీలో 100 ఫలితాలు తెచ్చుకునే వీలును గూగుల్ అప్పుడే తీసేసింది. ర్యాంకులు చూసే టూళ్లు ఎక్కువగా దాని మీదే ఆధారపడేవి. ఇన్నాళ్లూ వాటి రాకపోకలు కూడా మన ఇంప్రెషన్లలో కలిశాయని ఈ పనిలో ఉన్నవాళ్లు చాలామంది అన్నారు. మా మొబైల్ లెక్క చెక్కుచెదరలేదు కాబట్టి నాకూ అదే సబబనిపించింది. ఆ నెలకు ముందూ తర్వాతా డెస్క్‌టాప్ అంకెలను నేను పోల్చను.

సెర్చ్ కన్సోల్ 16 నెలలే గుర్తుపెట్టుకుంటుంది. అందుకే ప్రతి నెలా మొదటి ఆదివారం డేటా దింపి షీట్‌లో పెడతాను. ఆ రోజు జాబితాలో కొత్తగా వచ్చిన మాటలను బాపుకు చదివి వినిపిస్తాను. కిందటి నెల "జంపఖానాకు చీమల మందు వాసన పోవాలంటే" అని ఒకటి వచ్చింది. బాపు కాసేపు ఆలోచించి, "అది మీ నాయనమ్మకు తెలుస్తది, అడుగు" అన్నాడు. నాయనమ్మ చెప్పింది రాసుకున్నాను. ఫొటో ఒక్కటి తీయాలి.