టవర్ క్లాక్ దగ్గరి కాఫీ పొడి కొట్టు: రుచికి పూర్తి మార్కులు, ప్యాకెట్ మీద రాతకు సున్నా

అనంతపురంలో టవర్ క్లాక్ నుంచి పాతూరు వైపు నడిస్తే ఒకచోట వేయించిన కాఫీ గింజల వాసన గుప్పుమంటుంది. ఆ వాసన వచ్చే కొట్టు గురించే ఈ రివ్యూ. పేరు రాయడం లేదు. ఇందులో ఒక ఫిర్యాదు ఉంది, వచ్చే వారం పొడికి మళ్ళీ నేను అక్కడికే పోవాలి కదా.

ముందు మంచి మాటలు. గింజలు మన కళ్ళ ముందే ఆడిస్తారు. "ఇత్తడి ఫిల్టరా అక్కా, స్టీలుదా?" అని అడిగి మరీ మర బిగిస్తాడు అక్కడి అబ్బాయి. పొడి మరీ మెత్తగా ఉంటే ఫిల్టర్ రంధ్రాలు మూసుకుపోయి డికాక్షన్ దిగదు, బరకగా ఉంటే నీళ్ళలా దిగిపోతుంది. వీళ్ళు ఆడించే పొడితో ఈ బాధ లేదు. రాత్రి ఫిల్టర్‌లో పోసి పెడితే తెల్లారేసరికి చిక్కటి డికాక్షన్ రెడీ. పెద్ద కంపెనీల ప్యాకెట్ పొడి కంటే రుచి చాలా మేలు.

ఇక నా ఫిర్యాదు. అక్కడ "స్ట్రాంగ్" అనే పేరుతో ఒక పొడి ప్యాక్ చేసి అమ్ముతారు. ఎక్కువగా పోయేది అదే. అందులో ఏ గింజ ఎంత, చికోరీ ఎంత అన్నది కవర్ మీద ఎక్కడా ఉండదు. అడిగితే నోటితో చెబుతారు, అదీ పెద్దాయన కూర్చుని ఉంటేనే. కాఫీ-చికోరీ కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదనీ, ఏది ఎంత శాతమో ప్యాకెట్ మీద రాయాలనీ ఆహార భద్రత నిబంధనల్లోనే ఉంది.

ఇదంత పెద్ద విషయమా అంటారేమో. నాది కమలానగర్‌లో మెడికల్ షాపు, నాకు పెద్ద విషయమే. డికాక్షన్ ఎంత నల్లగా ఉంటే అంత స్ట్రాంగ్ అని మనవాళ్ళ లెక్క. ఆ నలుపులో చాలా భాగం చికోరీది. చికోరీ అనేది ఒక మొక్క వేరు, అందులో కెఫీన్ అసలు ఉండదు. కాఫీ గింజల్లో మాత్రం అరబికా, రోబస్టా అనే రకాల మధ్య తేడా గట్టిగా ఉంటుంది. అరబికాలో కెఫీన్ సుమారు 1.2 శాతం, రోబస్టాలో 2.2 శాతం వరకూ. పది గ్రాముల పొడి తీసుకోండి. అరబికా 60, చికోరీ 40 అయితే అందులో కెఫీన్ 72 మిల్లీగ్రాములు. అదే రోబస్టా 80, చికోరీ 20 అయితే 176. గ్లాసులో పోస్తే రెండూ నల్లగానే కనిపిస్తాయి. ఒకటి తాగినవాళ్ళు పదింటికి నిద్రపోతారు, రెండోది తాగినవాళ్ళు ఫ్యాన్ చూస్తూ పడుకుంటారు.

నిద్ర సంగతి కూడా చెప్పాలి. మనం మేలుకొని ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటూ పోతుంది, నిద్ర ముంచుకొచ్చేది దాని వల్లే. ఆర్టీసీ బస్సులో కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు, అడినోసిన్ కూర్చోవాల్సిన సీట్లను కెఫీన్ ముందే పట్టేస్తుంది. అడినోసిన్ ఎక్కడికీ పోదు, నిలబడే ఉంటుంది. కెఫీన్ దిగగానే అంతా ఒక్కసారి కూర్చుంటుంది. కాఫీ తాగిన అరగంట నుంచి గంటలోపు రక్తంలో కెఫీన్ పతాక స్థాయికి చేరుతుంది. అందులో సగం తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన "స్ట్రాంగ్" కాఫీలో సగం రాత్రి పదకొండుకూ ఒంట్లోనే ఉంటుంది. గర్భిణుల్లో ఇంకా నెమ్మదిగా తగ్గుతుంది, వాళ్ళు రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. సిగరెట్ తాగేవాళ్ళకు తొందరగా దిగిపోతుంది. అందుకే సిగరెట్ మానేసినవాళ్ళకు పాత కాఫీయే కొత్తగా గుండెదడ తెస్తుంది.

మిగతావాళ్ళకు హద్దు ఎంత? తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించిన 2024 ఆహార మార్గదర్శకాల్లో రోజుకు 300 మిల్లీగ్రాములు అని ఉంది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65 అని కూడా అందులోనే రాశారు. భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా కాఫీ, టీ వద్దన్నారు, తిన్న తిండిలోని ఇనుము ఒంటికి పట్టదని. రక్తహీనత మాత్రలు కొనేవాళ్ళకు నేను ఇదే చెబుతాను. వింటారు, తల ఊపుతారు, ఇంటికి పోయి భోజనమైన వెంటనే కాఫీ పెట్టుకుంటారు.

థైరాయిడ్ మాత్ర సంగతి ఇంకోటి. పరగడుపున మాత్ర వేసుకుని వెంటనే కాఫీ తాగితే మాత్ర సరిగా పట్టదు, అరగంట నుంచి గంట ఆగాలి. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నవాళ్ళు కాఫీ తగ్గించుకోవాలి. కెఫీన్‌ను లివర్ బయటికి పంపే పనిని ఆ మందు నెమ్మది చేస్తుంది.

రంజాన్ నెల మొదటి రోజుల్లో మధ్యాహ్నం పూట, ఏకాదశి నాడు కాఫీ కూడా మానేసినవాళ్ళ దగ్గర నుంచి, నా షాపులో తలనొప్పి మాత్రకు గిరాకీ పెరుగుతుంది. ఆకలే కారణమనుకుంటారు. చాలామందిది కాఫీ, టీ ఆగిన తలనొప్పి. కొన్ని తలనొప్పి మాత్రల్లో కెఫీన్ కలిపే ఉంటుందని చెబితే ఎవరూ నమ్మరు, అట్ట తిప్పి చూపించాలి. ఉపవాసాలకు వారం ముందు నుంచే రోజుకో అరగ్లాసు తగ్గించుకుంటూ వస్తే ఈ బాధ తక్కువగా ఉంటుంది.

కాబట్టి ఈ కొట్టుకు పోతే "స్ట్రాంగ్" జోలికి పోకండి. "ప్లాంటేషన్-A" అనే అరబికా గింజ 70 శాతం, చికోరీ 30 శాతం అని చెప్పి ఆడించుకోండి. రేటు కొంచెం ఎక్కువే, అరబికా కదా. ఇంట్లో పెద్దవాళ్ళకు ఇంకా చిక్కగా, నల్లగా కావాలంటే చికోరీ 40 చేయించండి, వాళ్ళు తేడా కనిపెట్టరు. మా అత్తమ్మ కనిపెట్టలేదు. పావుకిలో మించి కొనకండి, ఆడించిన పొడి వాసన త్వరగా పోతుంది. కవర్ మీద పెన్నుతో పాళ్ళు రాయమని అడగండి. అడిగితే ఆ అబ్బాయి రాస్తాడు, అదీ నవ్వుతూనే.