నల్ల కారుకి ఇంట్లోనే పాలిష్, సీలెంట్: మూడేళ్లు వాడాక నా మాట

ఇంట్లో పాలిష్ చేసుకోవడం నిజంగా పనికొస్తుంది, డబ్బూ మిగులుతుంది. కాకపోతే సీలెంట్ (పెయింట్‌ని కాపాడేందుకు పల్చటి పొరలా పూసే ద్రవం) సీసా మీద రాసింది నమ్మి, అదొక్కటి పూస్తే కారు కొత్తదైపోతుందనుకుంటే మాత్రం నిరాశే. మెరుపు వచ్చేది పాలిష్‌తో, నిలిచేది మనం కారు కడిగే తీరుతో. సీలెంట్ పని ఈ రెండింటికీ తోడుండటమే. మూడేళ్లకు పైగా వాడాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది.

నాది 2019 మోడల్ నల్ల హ్యాచ్‌బ్యాక్, ఉండేది హైదరాబాద్‌లో, అపార్ట్‌మెంట్‌లో. ఇక్కడ చాలా సెల్లార్లలో పొద్దున్నే ఒకే బకెట్, ఒకే గుడ్డతో వరసగా కార్లన్నీ తుడిచేస్తారు. ఆ గుడ్డలో ఇరుక్కున్న ఇసుకే పెయింట్‌ని గీస్తుంది. ఫోన్ టార్చ్ వేసి బానెట్‌కి దగ్గరగా పెట్టి చూడండి, వెలుగు చుట్టూ సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తాయి. తెల్ల కార్లకూ అవే గీతలు ఉంటాయి, కంటికి ఆనవు, అంతే. అందుకే నేను మొదట చేసిన పని ఆ రోజువారీ తుడుపు మాన్పించడం. అది మానకుండా ఎంత ఖరీదైన కోటింగ్ వేయించినా డబ్బు దండగ.

మెషీన్ విషయంలో రెండో ఆలోచన వద్దు, డీఏ (డ్యూయల్ యాక్షన్) పాలిషరే కొనండి. అది తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఒకేచోట వేడి పోగవ్వదు. ఊగకుండా గిర్రున మాత్రమే తిరిగే రోటరీ మెషీన్ పని తొందరగా తెముల్చుతుంది గానీ చేయి తిరగనివాళ్లు పడితే అంచుల దగ్గర పెయింట్ లేచిపోతుంది. కాంపౌండ్ (గీతల్ని అరగదీసే పాలిష్ మందు) నేను మెగ్వైర్స్ అల్టిమేట్ వాడుతున్నాను, ఒక్క సీసా చాలా కాలం వస్తుంది, దుమ్ము కూడా పెద్దగా రాలదు.

పాలిష్ కంటే ముందు చేసే పనికే ఎక్కువ టైమ్ పడుతుంది, అక్కడ తొందరపడొద్దు. షాంపూతో కడిగి ఆరాక చేతికి పల్చటి పాలిథిన్ కవర్ తొడుక్కుని బానెట్ మీద మెల్లగా నిమరండి. కంటికి శుభ్రంగా కనిపించేచోట కూడా గరగరమని తగులుతుంది. బ్రేకుల నుంచి ఎగిరొచ్చిన ఇనుప రజను, తారు చుక్కలు, కానుగ చెట్ల కింద ఆపినప్పుడు పడిన జిగురు, అన్నీ అక్కడ అతుక్కుని ఉంటాయి. సబ్బు నీళ్లు బాగా చల్లుకుంటూ క్లే బార్‌తో (పెయింట్‌కి అతుక్కున్న మురికిని లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద) రుద్దితే అదంతా పోతుంది. క్లే కింద పడితే ఇక వాడకండి, పారేయండి.

తర్వాత రబ్బరు బీడింగులకూ, నల్ల ప్లాస్టిక్‌కూ, బాడీ మడతల అంచులకూ మాస్కింగ్ టేప్ వేసి, నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. ఫోమ్ ప్యాడ్ మీద నాలుగైదు శనగగింజలంత కాంపౌండ్ చుక్కలు, ఒక విడతకి రెండడుగుల చదరం, అంతకు మించి వద్దు. చేతిని నింపాదిగా, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి నడపాలి. బానెట్ మధ్యలో ఒక టేపు పట్టీ వేసి దానికి ఒకవైపే పాలిష్ చేసి టేపు పీకి చూస్తే ఇటు బూడిదరంగు పొర, అటు నల్లటి నలుపు, మధ్యలో గీత గీసినట్టు తేడా! అది చూశాక మిగతా కారంతా చేయడానికి ఓపిక దానంతటదే వస్తుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, రంగు పైనుండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్ మందం మామూలుగా 40-50 మైక్రాన్లే, ఎండ నుంచి రంగుని కాపాడేదీ అదే. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది. గోరుతో గీరితే తగిలేంత లోతు గీతని పాలిష్‌తో తీయాలని పట్టుపడితే చివరికి రంగే పోతుంది, వదిలేయండి. బండి మొత్తానికి కాంపౌండ్ నేను మొదట్లో ఒక్కసారే పెట్టాను. ఆ తర్వాత మెత్తటి ప్యాడ్‌తో, అవసరమైన చోట మాత్రమే.

ఇక సీలెంట్. నేను వాడింది సింథటిక్ పాలిమర్ రకం. పాలిష్ నూనె పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి, చాలా పల్చగా పూసి, పొర తెల్లబడ్డాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచేసి, ఒక రాత్రంతా నీళ్లు తగలకుండా ఉంచుతాను. మందంగా పూస్తే ఎక్కువ కాలం ఉంటుందనేది ఉత్తమాట, తుడవలేక చేతులు నొప్పెడతాయి, అంతే. సీసా మీద ఏడాది అని ఉన్నా మా ఎండలకి నాలుగైదు నెలలకే నీళ్లు జారడం తగ్గిపోయింది. కార్నౌబా వ్యాక్స్ (ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి తీసే మైనం) అయితే నలుపు మీద ఇంకా అందంగా ఉంటుంది గానీ నెలన్నరకే పోయేది. రెట్టల మచ్చలు వెంటనే తుడిస్తే వచ్చేయడం, దుమ్ము ఇట్టే వదలడం మాత్రం సీలెంట్ వల్ల దొరికిన అసలు లాభం.

బోరు నీళ్ల సంగతి ఎవరూ చెప్పరు. సీలెంట్ మీద నీళ్లు పూసల్లా నిలబడతాయి కదా, ఆ నీళ్లు ఉప్పు నీళ్లయి ఎండలో ఆరితే ప్రతి బొట్టూ ఒక తెల్లటి ఉంగరం మచ్చ అవుతుంది, సీలెంట్ లేని కారు కంటే ఘోరంగా. కడగడం బోరు నీళ్లతో కడిగినా ఆఖరి బకెట్ మాత్రం మంజీరా నీళ్లు (కుళాయిలో వచ్చే మున్సిపల్ నీళ్లు) పోసి, ఆరకముందే పెద్ద మైక్రోఫైబర్ టవల్‌తో అద్దండి. మచ్చ అప్పుడే పడిందైతే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి తుడిచి కడిగేస్తే పోతుంది. పాతబడితే మళ్లీ పాలిషే గతి.

ఎక్కడైనా కొత్తగా పెయింట్ వేయించి ఉంటే ఆ ప్యానెల్ మీద కనీసం నెల, వీలైతే రెండు నెలలు సీలెంట్ పూయకండి, లోపలి సాల్వెంట్ పూర్తిగా ఆవిరవ్వాలి. అందాకా షాంపూ, నీళ్లు చాలు.