గుడిసకి ఒక తెల్లవారుజాము చాలు, వలమూరులో మాత్రం ఆగండి

తూర్పు కనుమల్లోని మారేడుమిల్లి వెళ్తున్నామంటే మా కోనసీమలో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న, "గుడిస ఎక్కుతున్నారా?" అనే. గుడిస అంటే తెల్లవారుజామున మబ్బులు చూడ్డానికి జనం ఎక్కే గడ్డికొండ. ఎక్కాం, బాగుంది. అయినా ఎవరైనా సలహా అడిగితే, గుడిసకి ఒక తెల్లవారుజాము ఇచ్చి మిగతా సమయమంతా మారేడుమిల్లికి దగ్గర్లోని వలమూరు ఊళ్లో, వాగు పక్కన గడపమంటాను. ఎందుకంటానో చెప్తాను.

ముందు దారి సంగతి. అమలాపురం నుంచి రావులపాలెం, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి సుమారు 85 కిలోమీటర్లు. రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్లే ఆర్టీసీ బస్సులు ఇటే పోతాయి కాబట్టి కారు లేనివాళ్లు కూడా హాయిగా వెళ్లొచ్చు. పెట్రోలు, చేతిలో డబ్బు రెండూ రంపచోడవరంలోనే చూసుకోండి. మారేడుమిల్లి దాటాక ఫోన్ సిగ్నల్ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఫోన్‌పేని నమ్ముకుని బయల్దేరితే టెన్షన్ తప్పదు. దోమల క్రీము, పిల్లలుంటే దోమతెర కూడా పెట్టుకోండి. ఇది మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతం.

రంపచోడవరానికి దగ్గర్లోనే రంప. అక్కడ పాత శివాలయం, జలపాతం ఉన్నాయి. 1922 నుంచి 1924 వరకూ అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటాన్ని పుస్తకాల్లో రంప తిరుగుబాటు అన్నది ఈ ఊరి పేరుతోనే. మా పిల్లలకి ఆయన పేరు తెలుసు, కథ తెలుసు, ఊరు మాత్రం తెలీదు. గుడి అరుగు మీద కూర్చోబెట్టి చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద వరసగా మూడు రోజుల్లో జరిగిన దాడుల గురించి చెప్తే కదలకుండా విన్నారు. చాలామంది కారు ఆపకుండా వెళ్లిపోతారు గానీ ఇక్కడ ఒక గంట ఆగాల్సిందే.

ఇక బస. మేము మొదట దిగింది మారేడుమిల్లిలో రోడ్డు పక్కనున్న ఒక ప్రైవేటు రిసార్టులో. గది శుభ్రంగానే ఉంది. కానీ రాత్రి పొద్దుపోయేదాకా సౌండ్ బాక్సులు మోగుతూనే ఉన్నాయి. వేడినీళ్లు అడిగితే బకెట్‌కి ఇంత అని విడిగా తీసుకున్నారు, ఆ మాట బుకింగ్ అప్పుడు చెప్పలేదు. అడవిలోకి వచ్చి పెళ్లివారి విడిదిలో పడుకున్నట్టయింది. అత్తయ్యకైతే అసలు నిద్రే లేదు.

మర్నాడు వలమూరులోని జంగిల్ స్టార్ క్యాంపుకి మారాం. ఇది అటవీశాఖ పర్యవేక్షణలో చుట్టుపక్కల గిరిజనులు నడిపే చోటు. మూడు వైపులా వాగు, ఒకవైపు కొండ. వాలి సుగ్రీవులు యుద్ధం చేసింది ఇక్కడేనని స్థానికులు చెప్తారు. సౌకర్యాల లెక్కన చూస్తే రిసార్టు కన్నా తక్కువే. టీవీ లేదు, కరెంటు పోతే వచ్చేదాకా ఆగాలి, భోజనం ముందే చెప్పకపోతే దొరకదు. కానీ వండేవాళ్లు, ఊడ్చేవాళ్లు, వాగు దగ్గర ఎక్కడ దిగొచ్చో ఎక్కడ దిగకూడదో పిల్లలకి చూపించేవాళ్లు అంతా ఆ ఊళ్లవాళ్లే. మనమిచ్చే డబ్బు ఆ కొండల్లోనే ఉంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అది.

బొంగులో చికెన్ గురించి ఎంతో విన్నాం గానీ, చేసేది దగ్గరుండి చూశాక రుచి వేరేగా అనిపించింది. పచ్చి వెదురు బొంగుని కణుపు దగ్గర కొట్టి, ఒక పక్క మూసి ఉండేలా తీసుకుంటారు. ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, మసాలా పట్టించిన ముక్కలు లోపలికి కూరి, మూతిలో ఆకులు దట్టంగా దోపుతారు. నూనె చుక్క కూడా వెయ్యరు. నిప్పుల మీద బొంగుని తిప్పుతూ ఉంటే పచ్చి వెదురులోని తేమకే మాంసం ఉడుకుతుంది. పైన నల్లగా మాడాక, ఆకులు తీసి విస్తరిలోకి వంచితే ముక్క మెత్తగా, వెదురు వాసనతో జారిపడింది. రోడ్డు మీద బండ్ల దగ్గరా తిన్నాం. రద్దీ ఎక్కువైనప్పుడు అక్కడ తొందరగా దింపేస్తున్నారు, లోపల ముక్క సరిగ్గా ఉడకడం లేదు. ఆలస్యమైనా ఆగి, పూర్తిగా కాల్చమని అడగండి.

గుడిస మారేడుమిల్లి నుంచి పుల్లంగి మీదుగా సుమారు 40 కిలోమీటర్లు. చివరి భాగం రాళ్ల దారి, మన చిన్న కార్లకి పనికిరాదు. స్థానిక జీపు మాట్లాడుకుని చీకటితోనే బయల్దేరాం. "పైన గాలి గట్టిగా ఉంటాదండి, పెద్దామెకి శాలువా తెచ్చుకోండి," అని డ్రైవరు ముందు రోజే చెప్పాడు. చెప్పడం మంచిదైంది. పైన చెట్టన్నది తక్కువ, ఎటు చూసినా గడ్డికొండలే. తెల్లారేసరికి లోయలన్నీ మబ్బుతో నిండిపోయాయి. మా వైపు ఎటు చూసినా కళ్లకి కొబ్బరాకు అడ్డం వస్తుంది. ఇంత ఖాళీ ఆకాశం ఒక్కసారిగా చూడటం ఇదే మొదలు. అయితే జనం కూడా ఎక్కువే. గడ్డిలో నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు కనిపించి మనసు చివుక్కుమంది. అటవీ చెక్‌పోస్టు ఉంది, ప్లాస్టిక్ వద్దని చెప్తూనే ఉన్నారు. వినాల్సింది మనమే.

అందరూ ఫొటోలు దిగి అటునుంచి అటే దిగిపోతారు. మేము గుడిస ఊళ్లో ఆగాం. కొండరెడ్ల ఊరు. వాళ్ల భాష తెలుగే కాబట్టి మాటకి ఇబ్బంది లేదు. ఒక పెద్దావిడ అడ్డాకుల విస్తళ్లు కుడుతోంది. ఆకు మీద ఆకు పెట్టి, సన్నగా చీల్చిన వెదురు పుల్లతో గుచ్చి, మిగిలిన కొస పుటుక్కున విరిచేస్తోంది. చేతులు చూసుకోకుండానే పని జరిగిపోతోంది. "రోజుకి ఎన్ని కుడతావమ్మా?" అని అత్తయ్య అడిగితే, "కుట్టడం ఎంతసేపమ్మా, అడివికెళ్లి ఆకు తేవడానికే పొద్దు పోద్ది," అంది. ఊరి పైన వాలులో పోడు చేలు, అంటే అడవి కొట్టి, కాల్చి చేసే సాగు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో ఈ పోడుకే అడ్డంకులు పెట్టారు, సీతారామరాజు వెనక మన్యం కదలడానికి అదొక పెద్ద కారణం. ఆ వాలుని కళ్లతో చూశాక రంపలో పిల్లలకి చెప్పిన కథ నాకే ఇంకోలా అర్థమైంది.

జలతరంగిణి జలపాతం భద్రాచలం రోడ్డుకి దగ్గర్లోనే, పిల్లలకీ పెద్దలకీ సులువు. అమృతధారకి నడక ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మానుకోవచ్చు. చింతూరు ఘాట్‌లో సోకులేరు వ్యూ పాయింట్ దగ్గర మాత్రం తప్పకుండా ఆగండి. ఆ వాగు శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకి చేరి మొదటి హెచ్చరిక వెయ్యగానే మన లంకల్లో పశువుల్ని గట్టుకి తోలతారు కదా, ఆ వరదలో ఈ కొండల వాన కూడా ఉంటుంది. ఘాట్ రోడ్డు మలుపులు గట్టివి, అలవాటు లేని చేతికి రాత్రిపూట స్టీరింగ్ ఇవ్వకండి.

కొనాలనుకుంటే తేనె గిరిజన సహకార సంస్థ దుకాణంలో తీసుకోండి. రోడ్డు మీద సీసాల్లో అమ్మేది ఏదో తేల్చుకోవడం కష్టం. చింతపండు, విస్తళ్లు మాత్రం ఊళ్లలో, చేసినవాళ్ల దగ్గరే కొనండి, బేరం ఆడకండి. కార్తీకంలో శని, ఆదివారాలు వనభోజనాల జనంతో గదులు దొరకవు. సంక్రాంతి ముందు వారాల్లో, మామూలు రోజుల్లో వెళ్తే వలమూరులో చోటూ దొరుకుతుంది, గుడిస మీద చలీ మబ్బూ రెండూ ఉంటాయి.