రాజమహేంద్రవరంలో నడకకు ఏది మేలు: గోదావరి గట్టా, కాలువ గట్టా?

ఊరి గోల వదిలి కాస్త దూరం నడవాలనుకునే రాజమహేంద్రవరం వాసులకు రెండు మంచి దారులున్నాయి. మొదటిది కోటిలింగాల రేవు, గౌతమీ ఘాట్ మీదుగా ధవళేశ్వరం వైపు సాగే గోదావరి గట్టు. రెండవది ధవళేశ్వరం దగ్గర బయలుదేరే తూర్పు డెల్టా కాలువను పట్టుకుని వేమగిరి, కడియపులంక వైపు వెళ్లే కాలువ గట్టు. రెండింటికీ ఆధారం ఒకే నది అయినా, ఋతువు మారేకొద్దీ వాటి తీరు వేరైపోతుంది.

తొలకరి తర్వాత, ముఖ్యంగా జూలై, ఆగస్టు నెలల్లో, గోదావరి గట్టుకు సాటి లేదు. ఎర్రనీరు దిగి, నది ఒడ్డులొరసి పారుతూ, కొట్టుకొచ్చిన దుంగలు, గుర్రపుడెక్క తెప్పలుగా సాగిపోతుంటే చూసే చూపు మరెక్కడా దొరకదు. అయితే ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయి. హెచ్చరిక ఉన్న రోజుల్లో రేవు మెట్లు దిగకుండా గట్టు మీదనుంచే చూడటం మంచిది. అదే సమయంలో కాలువ వైపు సార్వా (వానాకాలపు వరి) ఊడ్పులు సాగుతుంటాయి కానీ, ఒండ్రుమట్టి గట్టు వానకు జారుడుబల్ల అవుతుంది, చెప్పులకు అంటిన బురద ఒక పట్టాన వదలదు.

మార్గశిరం వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది, నా దృష్టిలో ఏడాదిలోకెల్లా మేలైన నడక అప్పటి కాలువ గట్టుదే. ఒకవైపు కోతలు పూర్తయిన సార్వా చేలలో కుప్పలు, మరోవైపు కడియం నర్సరీల్లో వరుసలు తీరిన బంతి, చామంతి మడులు, వాటి మధ్య నల్లని పాలిథిన్ సంచుల్లో మట్టి నింపుతూ మొక్కలు నాటే కూలీలు కనిపిస్తారు. ఉదయం మంచు విడవకముందు బయలుదేరితే, పైపులతో నీళ్లు చల్లిన ఆకుల మీద ఎండ పడే వేళకు అక్కడికి చేరుకోవచ్చు. సంక్రాంతికి దాళ్వా (రెండో పంట వరి) నాట్లు మొదలై చేలు మళ్లీ పచ్చబడతాయి. జాతీయ రహదారి దగ్గర లారీల మోత మాత్రం భరించరానిది కనుక, లోపలి పుంతల్లోకి (బండిబాటల్లోకి) మళ్లాలి; అవి చాలావరకు సొంత తోటల గుండా పోతాయి, అడగకుండా అడుగు పెట్టకూడదు.

వేసవిలో మాత్రం కాలువ గట్టును వదిలేయవలసిందే. సాధారణంగా ఏప్రిల్‌లో కాలువలు కట్టేసి, పూడికలు తీసి, జూన్‌లో మళ్లీ నీరు వదులుతారు. ఈలోగా మిగిలేది నెర్రెలిచ్చిన అడుగు, చెత్త. బ్యారేజీ ఎగువన నీరు నిలవ ఉంటుంది కాబట్టి, ఇసుక తిన్నెలు తేలినా, గోదావరి గట్టున ఆ దుస్థితి రాదు. ఊరు నదికి తూర్పు ఒడ్డున ఉండటంతో పొద్దు అవతలి గట్టున గుంకుతుంది. సాయంత్రం ఆరు దాటాక నడవడం హాయి.

నరసింహస్వామి గుడి ఉన్న కోరుకొండ గుట్టను కూడా కొందరు ఈ జాబితాలో చేరుస్తారు. అది మెట్ల మార్గం, దర్శనానికి వెళ్లేవారికి బాగుంటుంది, రోజువారీ నడకకు కాదు. పెద్దవారికి, పిల్లలకు ఏడాది పొడవునా ఒకే దారి కావాలంటే గోదావరి గట్టును ఎంచుకోండి. కాలువ గట్టుకు నవంబరు నుంచి మార్చి వరకే వెళ్లండి, వరికోతల రోజుల్లో గడ్డి దుబ్బుల్లో పాములుంటాయి కనుక బూట్లు వేసుకోండి.