నోలిమిట్స్ 2: కొత్త పల్టీ కోసం వెతికిన ఏడాది

ఔటర్ రింగ్ రోడ్డు 13వ ఎగ్జిట్ దగ్గర దిగి రావిర్యాల వండర్‌లాకు వెళ్లివచ్చినవారికి రీకాయిల్ గురించి ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. బండిని వెనక్కి లాగి ఎత్తుకు చేర్చి వదిలేస్తారు. అది స్టేషన్ గుండా దూసుకుపోయి, పడగ విప్పిన నాగుపాములా కనిపించే మెలికలో రెండుసార్లు, దాని వెనకాలే వచ్చే లూపులో ఒకసారి మనల్ని తలకిందులు చేసి, ఎదుటి ఎత్తు ఎక్కి, మళ్లీ అదే దారిన వీపు ముందుగా తిరిగి వస్తుంది. నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా సంస్థ 1980ల నుంచి ప్రపంచమంతటా అమ్ముతున్న బూమరాంగ్ నమూనా ఇది. 285 మీటర్ల ట్రాక్ మీద రాకపోకలు కలిపి ఆరు పల్టీలు కొట్టించడం చిన్న విషయం కాదు. కిందటి దసరా సెలవుల్లో ఇంటర్ చదువుతున్న మా అక్క కొడుకును తీసుకువెళ్లాను. దిగిన తరువాత చెరుకురసం తాగుతూ వాడు అడిగిన ప్రశ్న ఇది: "మామయ్యా, మనిషిని తలకిందులు చేయడానికి ఇవేనా దార్లు? కొత్తది ఎవరూ కనిపెట్టలేరా?" ఇంజినీరింగ్ డ్రాయింగ్ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ వారంలోనే నోలిమిట్స్ 2 అనే రోలర్ కోస్టర్ సిమ్యులేటర్ కొన్నాను. ఏడాదిగా దానితో కుస్తీ పట్టిన తరువాత రాస్తున్న సమీక్ష ఇది.

జర్మనీకి చెందిన ఓలె లాంగె అనే ప్రోగ్రామర్ రూపొందించిన నోలిమిట్స్ తొలి రూపం 2001లో వచ్చింది. ఇప్పుడు వాడుకలో ఉన్న రెండో రూపం 2014లో విడుదలైంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ఒక్కసారి డబ్బు కడితే సరిపోతుంది, నెలనెలా చందా లేదు. 1999లో వచ్చిన రోలర్‌కోస్టర్ టైకూన్ ఆడి పెరిగినవారు దీన్ని కూడా అలాంటి ఆటే అనుకుని కొంటే నిరాశ పడతారు. అందులో లూపు, కార్క్‌స్క్రూ (మరమేకులా మెలి తిరుగుతూ పక్కకు పల్టీ కొట్టించే ట్రాక్) వంటివి సిద్ధంగా ఉన్న ముక్కలు. వాటిని ఒకదాని పక్కన ఒకటి అతికిస్తూ పోతే రైడ్ తయారవుతుంది, జనం వస్తారు, టికెట్ల డబ్బు వస్తుంది. ఇందులో జనమూ లేరు, డబ్బు లెక్కలూ లేవు. మీరు ఆకాశంలో బిందువులు పెడతారు, వాటి గుండా ట్రాక్ సాగుతుంది, ఎక్కడ ఎన్ని డిగ్రీలు పక్కకు వాలాలో మీరే చెబుతారు. ఆ తరువాత బండి నిజమైన భౌతిక సూత్రాల ప్రకారం పరుగెత్తుతుంది, లేదా ఎత్తు ఎక్కలేక మధ్యలోనే ఆగిపోయి వెనక్కి జారుతుంది. రైడ్లు తయారుచేసే సంస్థలు కూడా తమ కొత్త రైడ్ల వీడియోల కోసం దీన్నే వాడుతుంటాయంటే కారణం ఈ నిక్కచ్చితనమే.

దీనికి మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ఒక దుకాణం నాకు అంటగట్టిన పాతకార్డు పదిహేను రోజులకే చేతులెత్తేసింది. దాని గొడవ ఇక్కడ అనవసరం, అయితే కొత్తదే కొనండి.

తొలి ప్రయత్నానికి ముందు నేను చేసిన పని వింటే నవ్వుతారు. ఇంటి పక్కన కడుతున్న అపార్ట్‌మెంటులో సెంట్రింగ్ పనివాళ్ల దగ్గర రెండు మూరల బైండింగ్ వైరు అడిగి తెచ్చుకుని, చేత్తో వంచుతూ కూర్చున్నాను. ఎవరూ చూడని ఆకారం దొరికితే చాలు, కొత్త పల్టీ దొరికినట్టేనని నా నమ్మకం. మూడు రోజుల్లో పదకొండు వంకరలు తయారయ్యాయి. వాటిలో అందంగా ఉన్నదాన్ని నోలిమిట్స్‌లోకి ఎక్కించి, మేనల్లుణ్ణి పిలిచి ముందు సీటు దృశ్యం చూపించాను. వాడు రెండుసార్లు చూసి, "ఇది కార్క్‌స్క్రూనే కదా మామయ్యా, కొంచెం ఏటవాలుగా పెట్టావు అంతే" అన్నాడు. కోపం వచ్చింది కాని వాడి మాట నిజం. బయటినుంచి చూసేవాడికి ఆకారం కొత్తది. లోపల కూర్చున్నవాడికి ఒంటి మీద పడే బరువు, అది పడే వరుస, అంతా 1975లో కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్‌లో యారో సంస్థ పెట్టిన కార్క్‌స్క్రూదే.

ఈ సాఫ్ట్‌వేర్ అసలు విలువ నాకు తెలిసింది ఆ రోజే. ట్రాక్ వెంబడి ప్రయాణికుడి మీద పనిచేసే బలాలను ఇది రంగుల్లో చూపిస్తుంది: సీటులోకి అదిమేది ఎంత, సీటు నుంచి లేపేది ఎంత, పక్కకు తోసేది ఎంత. కొలమానం జీ. ఫోన్ నెట్‌వర్క్ జీ కాదు, భూమ్యాకర్షణ జీ; 1 జీ అంటే మన మామూలు బరువు, సున్నా అంటే గాలిలో తేలినట్టు. నా పదకొండు వంకరల్లో తొమ్మిదింటికి ఈ గ్రాఫు దాదాపు ఒకేలా వచ్చింది. మిగిలిన రెండింటిలో ఒకటి ప్రయాణికుడి మెడ విరిచేది, ఇంకొకటి బండి పూర్తిచేయలేనిది.

పల్టీల చరిత్రను కూడా ఈ గ్రాఫు పక్కన పెట్టుకుని చూస్తేనే అర్థమవుతుంది. 1895లో న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ రైల్వే అనే రైడ్‌లో లూపును కచ్చితమైన వృత్తంగా కట్టారు. ఎక్కినవారి మెడలకు నొప్పులు వచ్చాయి. దాని గుట్టు ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది. వృత్తం పైకొనలో ప్రయాణికుడి బరువు సున్నా అయ్యేంత వేగం మాత్రమే ఉన్నా, ఘర్షణను పక్కన పెడితే, కింది కొనలో అతని మీద 6 జీ పడుతుంది. వృత్తం పెద్దదైనా చిన్నదైనా ఆ తేడా మారదు. 1901లో అక్కడే వచ్చిన మరో రైడ్ లూపును కోడిగుడ్డులా సాగదీసి కొంత బాధ తగ్గించింది. చివరికి దారి చూపినది 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో ప్రారంభమైన రివల్యూషన్ అనే రైడ్: ఆంటన్ ష్వార్జ్‌కాఫ్ తయారీ, వెర్నర్ స్టెంగెల్ లెక్కలు. వారు వాడిన క్లోథాయిడ్ అనే వక్రం వంపును కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతుంది, కనుక వేగం ఎక్కువగా ఉన్న అడుగున వంపు తక్కువ, వేగం తగ్గిన పైకొనలో వంపు ఎక్కువ. రైలు పట్టాలు, హైవేలు వేసే ఇంజినీర్లు తిన్నని దారిని మలుపులోకి తీసుకువెళ్లడానికి వాడే వక్రమూ ఇదే. అంటే దూరం నుంచి చూస్తే ఇంచుమించు ఒకేలా కనిపించే లూపుకు కేవలం వంపు పెరిగే తీరు మార్చి కొత్త ప్రాణం పోశారు. నేను బైండింగ్ వైరుతో చేసిన పనికి ఇది సరిగ్గా తలకిందులు.

తరువాత వచ్చిన మంచి పల్టీలన్నీ ఇలాగే పుట్టాయి. 1992లో సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అమెరికాలో బ్యాట్‌మన్ రైడ్‌తో వచ్చిన జీరో జీ రోల్‌నే చూడండి. బండి గాల్లోకి విసిరిన రాయిలా పారాబొలా దారిలో పోతూ, ప్రయాణికుడి గుండె దగ్గరగా వెళ్లే ఊహారేఖ చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరుగుతుంది. ట్రాక్ ఆ రేఖ చుట్టూ మెలి తిరుగుతుందే తప్ప, మనిషి ఛాతీ మాత్రం తిన్నగా తన పారాబొలా మీదే ఉంటుంది. నోలిమిట్స్‌లో ఈ గుండెరేఖ దూరం సరిగా పెట్టకపోతే ఎంత గొప్ప మెలికైనా తలను అటూ ఇటూ కొట్టే పాత రైడ్‌లా తయారవుతుంది. నేను మొదటి రెండు నెలలు చేసిన తప్పు ఇదే. 2014లో అదే పార్కులో గోలయత్ అనే చెక్క కోస్టర్ మీద రాకీ మౌంటెన్ సంస్థ పెట్టిన జీరో జీ స్టాల్ ఇంకా తమాషా. సగం చుట్టు తిరిగి తలకిందులయ్యాక అక్కడే తిరగడం ఆపేసి, తలకిందులుగానే తేలుతూ కొంత దూరం వెళ్లి, తరువాత మళ్లీ నిటారుగా లేస్తుంది. ఆకారంలో పెద్దగా ఏమీ లేదు, ఒక గుట్ట అంతే. ఆపడమే కొత్త ఆలోచన.

స్టాల్‌ను చూశాక నాకూ ఒక ఆలోచన తట్టింది. తలకిందులుగా తేలుతున్నంతసేపు ఎందుకు తిన్నగా పోవాలి, ఎడమకు 90 డిగ్రీలు మలుపు తిప్పితే ఎలా ఉంటుంది? లోపలికి వచ్చే దారి, బయటికి పోయే దారి ఒకదానినొకటి దాటుతూ మా అమ్మ పండక్కి చేసే చేగోడీలా కనిపించడంతో ఫైలుకు ఆ పేరే పెట్టాను. 2 సెకన్లు తేలాలంటే బండి సెకనుకు 9.8 మీటర్ల వేగంతో పైకి లేవాలి, అందులో అది ఎక్కే ఎత్తు 4.9 మీటర్లు. ముందుకు సాగే వేగం సెకనుకు 15 మీటర్లు అనుకున్నాను. అంతా బాగానే ఉందనిపించింది. నడిపించి చూస్తే, మలుపు పొడవునా పక్కబలం గీత ఎర్రగా వెలిగింది.

అది ఎందుకు ఎర్రబడిందో తేల్చుకోవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. సున్నా జీ అంటే ట్రాక్ బండిని ఎటూ నెట్టకపోవడం. ఎవరూ నెట్టని వస్తువు నిలువు తలంలోనే పారాబొలాగా పోతుంది, మలుపు తిరగదు. మలుపు తిప్పాలంటే ట్రాక్ పక్కకు నెట్టాలి, ప్రయాణికుడు సరిగ్గా తలకిందులుగా ఉంటే ఆ నెట్టుడంతా అతని భుజం మీద పడుతుంది. భుజం మీద పడకూడదంటే అతన్ని పూర్తిగా తలకిందులయ్యే 180 డిగ్రీల దగ్గర కాక 135 డిగ్రీల దగ్గర ఆపాలి. అప్పుడు బలం సీటు గుండా వస్తుంది, కాని సీటు అతన్ని మలుపు లోపలికే కాక కిందికి కూడా నెడుతుంది. పక్కకు 1 జీ మలుపు కావాలంటే కిందికి కూడా అదనంగా 1 జీ తోడవుతుంది, అంటే బండి మామూలుగా పడే దానికి రెట్టింపు జోరుతో కిందికి వంగాలి. అదే 4.9 మీటర్ల గుట్ట మీద 2 సెకన్ల తేలుడు కాస్తా 1.4 సెకన్లవుతుంది, ఆ కాస్త సమయంలో తిరిగే మలుపు 53 డిగ్రీలే. తేలడమైనా, తిరగడమైనా ఎంచుకోవాలి. రెండూ పూర్తిగా దక్కవు. పైకి ఎక్కి, మెలి తిరిగి, సగం లూపుగా కిందికి దూకే డైవ్ లూప్‌ల వంటి పాత మెలికలు అవి ఉన్న ఆకారంలోనే ఎందుకు ఉన్నాయో నాకు అప్పుడు తెలిసింది. ఏ పుస్తకమూ ఇంత సూటిగా ఈ సంగతి నాకు చెప్పలేదు. డబ్బు పెట్టి కొన్నందుకు ఈ ఒక్క పాఠం చాలు.

బిందువులు జరుపుతూ ఇలాంటి మెలికను సరిదిద్దడం కష్టం. ఒక బిందువును కదిపితే దాని ముందూ వెనకా ఉన్న వంపులన్నీ కదులుతాయి. దీనికి విరుగుడుగా అభిమానులు తయారుచేసిన ఓపెన్ ఎఫ్‌వీడీ అనే ఉచిత సాధనం ఉంది. అందులో మీరు ఆకారం గీయరు. ఫలానా క్షణంలో ప్రయాణికుడికి ఇన్ని జీలు, సెకనుకు ఇన్ని డిగ్రీల చుట్టు అని చెబుతారు, అది ట్రాక్ ఆకారాన్ని లెక్కగట్టి ఇస్తుంది. దాన్ని నోలిమిట్స్‌లోకి తెచ్చుకోవచ్చు. కూర రుచి ముందు చెబితే ఏ దినుసు ఎంత వేయాలో అది చెప్పినట్టు అనిపించింది నాకు. నోలిమిట్స్‌తో కొత్త పల్టీ ప్రయత్నించేవారు ఈ రెండింటినీ కలిపి వాడక తప్పదని నా అభిప్రాయం.

ఇది అందరికీ సరిపడే వస్తువు కాదు. తెలుగులో మెనూలు లేవు, ఇంగ్లీషులో ఉన్నవి కూడా డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్ అలవాటు లేనివారిని బెదరగొడతాయి. మొదటి రైడ్ నున్నగా రావడానికి వారాలు పడుతుంది. పిల్లలు రంగురంగుల పార్కు కట్టుకుని సరదా పడాలంటే 2016 నాటి ప్లానెట్ కోస్టర్ వంటిది కొనిపెట్టండి. బీటెక్ మెకానికల్ లేదా సివిల్ చదివే పిల్లలకైతే దీన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. కైనమాటిక్స్ క్లాసులో నిద్రపోయే మా విద్యార్థులు నలుగురు, ఈ గ్రాఫు ముందు కూర్చోబెట్టిన రోజున భోజనానికి కూడా లేవలేదు. కళ్లకు కట్టుకునే వీఆర్ సెట్టు ఉంటే దానితో కూడా నడుస్తుంది, అయితే అన్నం తిన్న వెంటనే మాత్రం వద్దు.

ఇక చేగోడీ సంగతి. 90 డిగ్రీల ఆశ వదులుకుని మలుపును 40కి కుదించాను. మొదటి సగం పూర్తిగా తలకిందులుగా, తిన్నగా తేలుతుంది. అక్కడినుంచి 135 డిగ్రీలకు వాలి, మలుపు తిరుగుతూ గట్టిగా కిందికి గుంజుతుంది. తేలుతున్నవాణ్ణి ఎవరో కాలు పట్టి లాగినట్టు ఉంటుంది. కిందటి వారం మేనల్లుడు నాలుగుసార్లు ఎక్కి, ఈసారి కార్క్‌స్క్రూ పేరు ఎత్తలేదు. "బయటికి వచ్చేచోట భుజం ఇంకా కొట్టుకుంటోంది మామయ్యా" అన్నాడు. చూస్తే అక్కడ పక్కబలం 0.7 జీ చూపిస్తోంది. చుట్టు వేగాన్ని ఇంకొంచెం ముందునుంచే తగ్గించుకుంటూ రావాలి. ఆ పని మీదే ఉన్నాను.